ఇస్త్రీ మేస్త్రి గావుకేక

ఇస్త్రీ మేస్త్రి ఇంజెక్షన్‌కి అరుస్తాడు. ఆయన గురించి ఎవరు ఏం చెప్పినా ఇక్కడే మొదలుపెడతారు, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మనిషన్నాక సూది గుచ్చితే అమ్మా అంటాడు, అబ్బా అంటాడు, మహా అయితే కళ్లు మూసుకుంటాడు. మేస్త్రి పద్ధతి వేరు. సూది ఇంకా డబ్బాలో ఉండగానే, స్పిరిట్ దూది భుజానికి తగలగానే రాగం ఎత్తుకుంటాడు. తర్వాత తాతల్నీ ముత్తాతల్నీ పేరుపేరునా పిలుస్తాడు. చివరికి అసలు కేక వస్తుంది. అందులో మాటలుండవు, అక్షరాలుండవు. కిటికీ అద్దాలు జుమ్మంటాయి. పైకప్పు దూలాలకి ఏళ్ల తరబడి పట్టిన నూగు కింద నిలబడ్డవాళ్ల నెత్తిన రాలుతుంది.

అందుకే ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరుకే పరిమితమైపోయింది. వెనకాల అందరూ గావుకేక అనేవాళ్లు. ఎదురుగా మర్యాద కోసం గావుకేకగారు అనేవాళ్లు.

ఆయనేం పీల మనిషి కాదు. అది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. రోజుకి నాలుగు వేల దుప్పట్లు మురికిగా వచ్చి తెల్లగా వెళ్తాయి. తడి దుప్పట్ల మూటని ఇద్దరు మోస్తే మేస్త్రి రెండు మూటల్ని ఒక్కడే మోస్తాడు. ఇస్త్రీపెట్టె కాగిందో లేదో చెంప దగ్గర పెట్టుకుని చూస్తాడు. ఒకసారి దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరుకి మోచెయ్యి తగిలి అరచేతి వెడల్పున చర్మం లేచిపోతే, "ఈ దుప్పటి అయ్యాక చూద్దాంలే" అని ఇంకో యాభై దుప్పట్లు అయ్యాక చూసుకున్నాడు. అలాంటి మనిషి, ఈనెపుల్లంత సూదిని చూసి దూడలా అరుస్తాడు.

ఏటా ఒకరోజు ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ మందుల చలిపెట్టె పట్టుకుని లాండ్రీకి వచ్చేది, అందరికీ ఫ్లూ టీకా వేయడానికి. మొదటి ఏడాది మేస్త్రి వరసలో నిలబడి వీలునామా చెప్పాడు. "నా పెద్ద ఇస్త్రీపెట్టె చిన్నల్లుడికి. పెద్దల్లుడికి ఏమీ వద్దు, వాడికి తెలుసు ఎందుకో." ఆఖరిసారి గొంతు విందామని భార్యకి ఫోను చేశాడు.

"ఏంటండీ ఈ టైములో?"

"ఏం లేదే. నీ గొంతు వినాలనిపించింది. ఇక వింటానో లేదో."

"విన్నారుగా. వచ్చేటప్పుడు రెండు బట్టల సబ్బులు తెండి," అని ఆవిడ పెట్టేసింది.

రెండో ఏడాది దుప్పట్ల ట్రాలీలో దాక్కున్నాడు. చూసుకోకుండా ట్రాలీని వ్యానులోకి ఎక్కించేశారు. ఆసుపత్రిలో పైదుప్పటి తీసేసరికి మేస్త్రి ఇంజెక్షన్ల గదిలో, ఆరుగురు నర్సుల మధ్య తేలాడు. మూడో ఏడాది ఆయన వేసిన కేకని పక్కనున్న బిస్కెట్ల ఫ్యాక్టరీవాళ్లు తమ సైరన్ అనుకుని అరగంట ముందే ఇళ్లకి వెళ్లిపోయారు. నాలుగో ఏడాది స్పృహ తప్పి మేనేజరు మీద పడ్డాడు. మేనేజరు సన్నగా ఉంటాడు. ఆయనకి తెలివి రావడానికే ఎక్కువసేపు పట్టింది.

నర్సమ్మకి ఇదంతా నవ్వులాట కాదు. పద్దెనిమిదేళ్ల సర్వీసు, చెయ్యి తేలిక, ఓపిక మాత్రం కొలిచి వాడే మనిషి. లాండ్రీలో అరవై రెండు మంది. మనిషికి రెండు నిమిషాలు చొప్పున లెక్కవేసుకుని వచ్చేది. అరవై ఒక్కమంది దగ్గర ఆ లెక్క సరిపోయేది. మేస్త్రి ఒక్కడికే నలభై నిమిషాలు పట్టేది, వీలునామాతో కలిపి.

ఈ ఐదో ఏడాది అసలు తీరిక లేదు. ఫ్లూతో పాటు హెపటైటిస్-బి టీకా కూడా మొదలుపెట్టాలి. రక్తం ద్వారా వచ్చి కాలేయాన్ని తినేసే జబ్బు అది. ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి, మొత్తం మూడు డోసులు. దానికో కారణముంది. రెండు నెలల కిందట ఆసుపత్రి నుంచి వచ్చిన దుప్పటి మడతలో, వాడేసిన సూది ఒకటి ఉండిపోయింది. అది మూటలక్క చేతి తొడుగుని చీల్చుకుని, రెండు వేళ్ల సందులోంచి, చర్మాన్ని తాకకుండా అవతలికి వచ్చింది.

మూటలక్క అంటే మురికి దుప్పట్ల మూటలు విప్పి వేరుచేసే బల్లకి పెద్ద. ఆమె కంటే ఎనిమిదేళ్లు పెద్దయిన మేస్త్రి కూడా అక్కా అనే పిలుస్తాడు. మేనేజరూ అంతే. రక్తపు మరకలు, కత్తెరలు, ఒకసారి కట్టుడు పళ్లు, ఏం బయటపడినా కనురెప్ప కదలదు. ఆ సూదిని పటకారుతో తీసి రేకు డబ్బాలో వేసి ఆసుపత్రికి ఫోను చేసింది. "మీ సూదొకటి మా దగ్గరుంది. రేపు మీ పేషెంటుని కూడా మూటలో కట్టి పంపిస్తారా?" అవతలివాళ్లు మూడుసార్లు క్షమాపణ చెప్పారు. నాలుగోసారికి ఆమె పెట్టేసింది.

కొత్త టీకా అందరికంటే ముందు అవసరమైంది ఆమెకే. నర్సమ్మ తన రిజిస్టరు తిరగేసింది. నాలుగేళ్లుగా ఆమె పేరు ఎదురుగా ఒక్క టీకా లేదు. ఒక ఏడాది సెలవు, ఒక ఏడాది పంటి నొప్పి, ఒక ఏడాది బంధువుల పెళ్లి, పోయినేడు మళ్లీ పంటి నొప్పి.

"ఈసారి ఆమెకి వేయకుండా ఇక్కడి నుంచి కదలను," అనుకుంది నర్సమ్మ. అలా జరగాలంటే ముందు గొడవ లేకుండా చూడాలి. నేరుగా మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"మేస్త్రిగారూ, మీకు ఈసారి చివర్లో. అందరివీ అయిపోయేదాకా ఆ పక్క కనపడకండి."

మేస్త్రి ముఖం వాడిపోయింది. "అదేంటమ్మా, ఎప్పుడూ నేనే కదా ముందు?"

"అందుకే. మీ అరుపుకి మిగతావాళ్లు హడిలిపోతున్నారు."

"హడిలిపోతున్నారా?" అన్నాడు మేస్త్రి. తువ్వాలు భుజాన వేసుకుని వెనక గంజి గదిలోకి వెళ్లిపోయాడు.

తొమ్మిదింటికి బల్ల వేసుకుని కూర్చుంది నర్సమ్మ. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఆమె ఎన్నాళ్లుగానో కోరుకున్న నిశ్శబ్దం. దానితో వచ్చిన చిక్కేమిటో పావుగంటలో తెలిసింది. వరసలో ఎవడు గుటక మింగినా అందరికీ వినపడుతోంది. మింగినవాడు సిగ్గుపడి, ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి వాదనకి దిగుతున్నాడు.

"నర్సమ్మా, టీకాలు పిల్లలకి కదా?" అన్నాడు వ్యాను డ్రైవరు. "నాకు చిన్నప్పుడే మా అమ్మ అన్నీ వేయించేసింది."

"చిన్నప్పటి లాగు ఇప్పటికీ తొడుక్కుంటున్నావా బాబూ?"

"అది పొట్టయిపోయింది కదా."

"కొన్ని టీకాల బలం కూడా అంతే, ఏళ్లు గడిస్తే తగ్గిపోతుంది. ధనుర్వాతానికి పదేళ్లకోసారి వేయించుకోవాలి. నీకు చివరిసారి ఎప్పుడు వేశారు?"

డ్రైవరు పైకప్పు వంక చూసి లెక్కపెట్టాడు. "మీసం రాకముందు."

వెనక నుంచి ఉతుకుడు యంత్రాల పెద్దాయన తల ముందుకి పెట్టాడు. "నేను ఫ్లూకి పోయినేడు వేయించుకున్నాగా?"

"అది ఏటా వేషం మార్చుకుని వస్తుంది తాతా. పోయినేటి ఫోటో పట్టుకుని ఈ ఏటి దొంగని ఎలా పట్టుకుంటాం?"

"వేయించుకున్నా జలుబు చేసిందే?"

"జలుబు వేరు, ఫ్లూ వేరు. టీకా వేయించుకున్నాక ఫ్లూ వచ్చినా మనిషిని అంతగా పడగొట్టదు. పోయినేడు మంచాన పడ్డారా?"

"పడ్డాను. అది మా ఆవిడ చీపురుకి."

అందరూ నవ్వారు, అందరూ ఒప్పుకున్నారు, తలలూపారు. ఆ తర్వాత ఒక్కొక్కడూ "ఇప్పుడే వస్తా" అని జారుకున్నాడు. ఒకడికి వాల్వు గుర్తొచ్చింది. ఒకడికి ఫోను వచ్చింది, అది మోగకపోయినా. మూటలక్క బల్ల దగ్గర నుంచి తల ఎత్తనే లేదు. పన్నెండున్నర అయ్యేసరికి వేయించుకున్నవాళ్లు పదకొండు మంది. అందులో ఒకరు మేనేజరు, ఆయనకి వేరే దారి లేదు.

ఏటా ఈ వేళకి యాభై దాటేవి. అది తన పనితనమని నర్సమ్మ మీటింగుల్లో రెండుసార్లు చెప్పుకుంది కూడా.

నీరసంగా చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లింది. గంజి గది తలుపు ఓరగా ఉంది. లోపల మేస్త్రి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బావమరిదితో మాట్లాడుతున్నాడు. "పచ్చ రంగు వద్దురా, గోడలు ఆసుపత్రిలా ఉంటాయి. లేత పసుపు వేయించు." మాట్లాడుతూనే చొక్కా ఎత్తాడు. జేబులోంచి ఇన్సులిన్ సూది తీసి, మూత పంటితో లాగి, పొట్ట మడత రెండువేళ్లతో పట్టుకుని గుచ్చుకున్నాడు. "రెండు పూతలు వేయమను," అన్నాడు గుచ్చుతూనే. గొంతు వణకలేదు. కనుబొమ్మ కూడా లేవలేదు.

"మేస్త్రిగారూ!"

బావమరిది గోడల సంగతి అక్కడితో ఆగిపోయింది. మేస్త్రి చొక్కా దించుకున్నాడు, దొంగతనంగా మిఠాయి తింటూ దొరికిపోయినవాడిలా.

"రోజుకి ఎన్నిసార్లు?" అంది నర్సమ్మ, తలుపు వేసి.

"మూడు."

"ఎన్నేళ్ల నుంచి?"

"తొమ్మిది."

నర్సమ్మ మనసులో లెక్కవేసింది. "దగ్గరదగ్గర పదివేల పోట్లు. ఒక్కదానికైనా అరిచారా?"

"ఇంట్లో అరిస్తే మా ఆవిడ ఊరుకోదమ్మా. పక్కవాళ్లు ఏమనుకుంటారంటుంది."

"మరి నా దగ్గరెందుకీ నాటకం? నా చెయ్యంత మొరటుగా ఉందా?"

"అయ్యో, మీ చెయ్యి వెన్న. మా ఇంట్లో కూడా చెప్తుంటాను." మేస్త్రి బకెట్టు మీద అటూ ఇటూ కదిలాడు. "చెప్తే మీరు ఎవరికీ చెప్పకూడదు. నా నాలుక దాని మీదే ఆధారపడి ఉంది."

"అంటే?"

"చెప్పానని తెలిస్తే నాలుక రోలర్లో పెట్టి ఇస్త్రీ చేస్తానంది. చేస్తుంది కూడా."

మేస్త్రి అసలు సంగతి చెప్పాడు. అయిదేళ్ల కిందట ఇక్కడ షుగరు పరీక్ష పెట్టారు, వేలిమీద చిన్న పోటు. మేస్త్రి ట్రాలీ కోసం మూటల వెనక్కి వెళ్తే, అక్కడ మూటలక్క నేలమీద పడి ఉంది. వేలు గుచ్చడం దూరం నుంచి చూసిందట, అంతే. నీళ్లు చల్లితే లేచింది. లేచిన మరుక్షణం ఈ నాలుక మాట అంది.

"ఆవిడ ఇక్కడ అందర్నీ నోటితో ఏలుతుందమ్మా. మూటలక్క సూదికి పడిపోయిందని ఒక్కడు నవ్వితే చాలు, మళ్లీ ఈ గేటులో అడుగుపెట్టదు. అందుకని నవ్వేదేదో ముందు నన్ను చూసి నవ్వేస్తే, ఆవిడ వంతు వచ్చేసరికి ఎవరి దగ్గరా నవ్వు మిగలదు కదా అనుకున్నా."

నర్సమ్మ ఇంకో బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. "నాలుగేళ్లు అరిచారు. ఆవిడ ఒక్కసారైనా వచ్చిందా?"

"రాలేదు."

"మరి?"

"మిగతావాళ్లు వస్తున్నారుగా. ఇంత మనిషి అంత అరిచాక, వాళ్లు కాస్త మూలిగినా మగతనంగానే ఉంటుంది." మేస్త్రి గొంతు తగ్గించాడు. "పైగా, చెప్పకూడదు గానీ, సరదాగా ఉంటుందమ్మా. ఆ ట్రాలీని వ్యానులోకి ఎక్కించమని డ్రైవరుకి నేనే చెప్పా."

తన మీటింగు ఉపన్యాసాలు రెండూ నర్సమ్మకి ఒకేసారి గుర్తొచ్చాయి. ఆమె లేచి నిలబడింది.

"గొంతు ఎలా ఉంది?"

"భోజనం అయ్యాక బాగుంటుంది," అన్నాడు మేస్త్రి, కళ్లు మెరుస్తుండగా.

రెండింటికి ఆట మొదలైంది. మేస్త్రి డ్రయ్యర్ల చుట్టూ మూడుసార్లు పరిగెత్తాడు, నాలుగోసారికి ఆయాసమొచ్చి పట్టుకోమని సైగ చేశాడు. నలుగురు పట్టుకున్నారు. అన్ని విభాగాల నుంచీ జనం ఊడిపడ్డారు. వాల్వు గుర్తొచ్చినవాడు వాల్వుని మరిచిపోయాడు. నర్సమ్మ ఈలోపు బెంచీకి ఒకవైపు తాడు కట్టి దుప్పటి వేలాడదీయించింది. దుప్పట్లకి అక్కడ కొదవ లేదు. బయటివాళ్లకి మేస్త్రి తల ఒక్కటే పైన కనిపిస్తుంది.

"ముందు వరసలో నిలబడాలంటే చొక్కా చెయ్యి మడిచి ఉండాలి," అని ప్రకటించింది. "మడవనివాళ్లు వెనక్కి."

చేతులు టకటకా మడిచారు. వరస దానంతటదే తయారైంది.

"నేను వేయించుకోను!" మేస్త్రి రాగం అందుకున్నాడు. "మూటలక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంటేనే! లేకపోతే ఇక్కడే పోతాను, అందరూ సాక్ష్యం!"

తలలన్నీ మూటల బల్ల వైపు తిరిగాయి. మూటలక్క చేతిలో మూట సగం విప్పి ఉంది.

"నాకు పనుంది," అంది.

"రా అక్కా, పాపం!"

"నీ మాటకైతే భయపడి ఊరుకుంటాడు అక్కా!"

"ఏం, నీక్కూడా భయమా ఏంటి?" అన్నాడు డ్రైవరు, ఊరికే.

"భయమా? నాకా?" మూటలక్క తొడుగులు లాగి బల్లమీద కొట్టింది. "పదండి. పెళ్లీడు మనవరాళ్లు ఉన్నవాడికి చెయ్యి పట్టుకునే మనిషి కావాలట!"

దుప్పటి చాటుకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. బయట ఉన్నంతసేపూ ఉన్న గొంతు లోపలికి రాగానే ఎటో పోయింది. ముఖం ఉతికిన దుప్పటిలా తెల్లబడింది. మేస్త్రి చెయ్యి పట్టుకోవడం కాదు, దాన్ని పిండేస్తోంది.

"అక్కా," అంది నర్సమ్మ మెల్లగా, "నీ మందు కూడా ఇక్కడే ఉంది. వద్దంటే వెయ్యను. కానీ ఆ సూది ఆ రోజు నీ రెండు వేళ్ల సందులోంచి పోయింది. ఇంకోటి వస్తే అది ఎటు పోతుందో చెప్పలేం."

మూటలక్క తన వేళ్ల సందు వంక చూసుకుంది. చివరికి ఆమె అడిగింది నొప్పి గురించి కాదు.

"అరిస్తే?"

"ఎవరికీ వినపడదు."

మేస్త్రి ఆమె వంక చూడలేదు. పైకప్పు వంక చూస్తూ ముత్తాతల దాకా వచ్చేశాడు. మూటలక్క ఆయన్ని ఒకసారి చూసింది, నర్సమ్మని ఒకసారి చూసింది. మెల్లగా చెయ్యి మడిచింది.

"కానివ్వండి. రెండూ ఒకేసారి. మళ్లీ అడక్కండి."

నర్సమ్మ సిరంజి ఎత్తి మేస్త్రికి తల ఊపింది. మేస్త్రి ఊపిరి పీల్చాడు. చొక్కా గుండీ ఒకటి ఎగిరిపోయింది. ఆ తర్వాత వచ్చిన కేక ముందు నాలుగేళ్ల కేకల్నీ పసిపిల్లల ఏడుపు చేసేసింది. బాయిలరు మనిషి ఆవిరి పేలిందనుకుని వాల్వు కట్టేశాడు. మేనేజరు ఎందుకైనా మంచిదని రెండడుగులు వెనక్కి వేశాడు. నర్సమ్మ చేతులు మూటలక్కకి ఈ భుజానికొకటి, ఆ భుజానికొకటి, వెంటనే మేస్త్రికీ రెండు, చకచకా పని ముగించాయి. ఆమెకి రెండు కేకలు వినిపించాయి. ఒకటి బండలా లావుగా. దాని కింద ఇంకోటి, సన్నగా, దారంలా. బయట ఉన్న యాభైమందికీ వినిపించింది ఒక్కటే.

రెండు నిమిషాలకి మూటలక్క జుట్టు సరిచేసుకుని బయటికి వచ్చింది. గొంతు తిరిగొచ్చేసింది.

"సిగ్గు లేదూ! ఇంత మనిషివి, ఇంత సూదికి! నా చెవులు చిల్లులు పడ్డాయి!"

హాలంతా ఘొల్లుమంది. మేస్త్రి తల వంచుకున్నాడు, నిజంగానే సిగ్గుపడ్డవాడిలా. ఆ సందట్లో ఎవడు గుటక మింగాడో, ఎవడు మూలిగాడో ఎవరికీ పట్టలేదు. అయిదింటికి రిజిస్టరులో అరవై రెండుకి అరవై రెండూ నిండాయి. చలిపెట్టెలో ఐసు తప్ప ఏమీ మిగల్లేదు.

"వచ్చే నెల రెండో డోసుకి కూడా నేనే రావాలేమో, ఈయనగారి చెయ్యి పట్టుకోవడానికి. నా ఖర్మ," అంది మూటలక్క అందరికీ వినపడేలా, తొడుగులు వేసుకుంటూ. మేస్త్రి అవునన్నట్టు తల ఊపాడు. మాట రాలేదు. నిజంగానే రాలేదు, గొంతు పూర్తిగా పోయింది. ఉప్పునీళ్లు పుక్కిలించమని నర్సమ్మ రెండుసార్లు చెప్పింది. ఇంకా రెండు డోసులున్నాయి కదా.

టీకా తర్వాత ఇబ్బందులు అని రిజిస్టరులో ఒక గడి ఉంటుంది. ఒకరిద్దరికి చెయ్యి నొప్పి రాసింది. మేస్త్రి పేరు ఎదురుగా గొంతు బొంగురు అని రాసింది. మూడోరోజు పై ఆఫీసు నుంచి డాక్టరు ఫోను చేశాడు.

"ఏంటిది నర్సమ్మా? టీకాకి గొంతు పోవడమేంటి?"

"టీకాకి కాదు సర్. అరిచినందుకు."

"అంత నొప్పి పుట్టిందా?"

"ఆయనకి అసలు నొప్పే లేదు సర్."

"మరెందుకు అరిచాడు?"

"అలవాటు సర్."

డాక్టరు అదీ రాసుకున్నాడు. "అక్కడ ఇంకెవరికైనా అంటుకుంటుందేమో, చూసుకోండి."

"ఇప్పటిదాకా ఎవరికీ అంటుకోలేదు సర్," అంది నర్సమ్మ, కాస్త విచారంగానే.